ఆ ముగ్గురమ్మాయిల సంగతి మరిచారు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ సినిమా పేజీలో ఆస్ట్రేలియా దర్శకురాలు జిలియన్ ఆర్మ్‌స్ట్రాంగ్ మీద వచ్చిన వ్యాసం చదివాను. 1950లో మెల్‌బోర్న్‌లో పుట్టడం దగ్గర్నుంచి, 1979లో ‘మై బ్రిలియంట్ కెరీర్’ కాన్ చిత్రోత్సవం పోటీకి వెళ్లడం, 1994లో హాలీవుడ్‌లో ‘లిటిల్ ఉమెన్’ తీయడం దాకా అన్నీ రాశారు. ‘మై బ్రిలియంట్ కెరీర్’కి ముందు 46 ఏళ్లపాటు ఆస్ట్రేలియాలో ఆడవాళ్లెవరూ పూర్తి నిడివి సినిమాకి దర్శకత్వం వహించలేదన్నదీ నిజమే. (మన భానుమతి గారు 1953లోనే ‘చండీరాణి’ని మూడు భాషల్లో తీశారని పక్కన ఒక్క ముక్క వేయాల్సింది.)

కానీ జిలియన్ చేసిన వాటన్నిటిలో నాకు గొప్పదనిపించే పని మీ వ్యాసంలో లేనే లేదు.

1970ల మధ్యలో దక్షిణ ఆస్ట్రేలియా ప్రభుత్వ ఫిల్మ్ కార్పొరేషన్ ఆమెకో చిన్న పని అప్పజెప్పింది. పద్నాలుగేళ్ల ఆడపిల్లల బతుకు ఎలా ఉంటుందో చూపించమంది. ఆమె అడిలైడ్‌లో కూలీనాలీ కుటుంబాల అమ్మాయిలు ముగ్గుర్ని ఎంచుకుంది. ఆ చిత్రం అయిపోయాక వాళ్లని వదిలేయలేదు. పద్దెనిమిదేళ్లప్పుడు ఒకసారి, ఇరవయ్యారులో ఒకసారి, ముప్పయ్మూడులో మరోసారి వెతుక్కుంటూ వెళ్లింది. అయిదో చిత్రం వచ్చేసరికి వాళ్లకు నలభై దాటాయి. పెళ్లి గురించి, ఉద్యోగం గురించి ఆ పిల్లలు పద్నాలుగేళ్లప్పుడు ధీమాగా చెప్పిన మాటలు తర్వాతి చిత్రాల్లో మళ్లీ మధ్యమధ్యలో వస్తాయి. పక్కనే వాళ్ల ఇప్పటి మొహం. వ్యాఖ్యానం చెప్పేవాళ్లు ఏమీ కలపనక్కర్లేదు. హాలీవుడ్ పిలుస్తున్న రోజుల్లో కూడా ఆమె ఈ పని మానలేదు.

నేను ముప్పయ్యేళ్లు జిల్లా పరిషత్ హైస్కూల్లో పాఠాలు చెప్పాను. పదో తరగతి అయ్యాక టీసీ తీసుకెళ్లిన ఆడపిల్లల్లో సగం మంది ఏమయ్యారో నాకు తెలీదు. సంతలో ఎవరో “టీచరమ్మా” అని పలకరిస్తే, చంకలో బిడ్డని చూశాక గానీ గుర్తుపట్టను. లెక్కలకేం కొదవ లేదు. అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 20–24 ఏళ్ల స్త్రీలలో పద్దెనిమిది నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఈ అంకెలు మీ పత్రికల్లో ఏటా అచ్చవుతూనే ఉంటాయి. ఆ పిల్లకి ఇరవయ్యారు వచ్చాక ఏమనిపించిందో మాత్రం ఎక్కడా కనపడదు.

దూరదర్శన్‌కి హైదరాబాద్‌లో యాదగిరి, విజయవాడలో సప్తగిరి ఉన్నాయి. కెమెరాలున్నాయి, జీతాలిచ్చి పెట్టుకున్న మనుషులున్నారు. ఒక్కో రాష్ట్రంలో ముగ్గురు తొమ్మిదో తరగతి అమ్మాయిల్ని, వాళ్లూ ఇంట్లోవాళ్లూ ఒప్పుకుంటేనే, అయిదారేళ్లకోసారి కలిసి రావడానికి పెద్ద ఖర్చేం కాదు. వద్దనుకున్న రోజున ఆ అమ్మాయి తప్పుకునే హక్కు ముందే కాగితం మీద రాసుండాలి, ఆ షరతు లేకపోతే మాత్రం నేనే అడ్డం పడతాను.

ఈ ప్రతిపాదన మీద ఆ రెండు కేంద్రాల వాళ్లని అడిగి, వాళ్లేమన్నారో మీ ఆదివారం పేజీలోనే వేయండి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయిని, మార్కాపురం