ఆస్పత్రిలోకి ఏ కుక్క రావచ్చు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. ఆస్పత్రులు, బడులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల్లోంచి వీధికుక్కలను తీసేయాలనీ, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసి టీకా వేశాక కూడా మళ్లీ అక్కడే వదలకూడదనీ సుప్రీంకోర్టు 2025 నవంబరు 7న ఆదేశించినప్పటి నుంచి మీ పత్రికకు వస్తున్న ఉత్తరాలన్నీ చూస్తున్నాను. వాటిలో ఒకాయన, విదేశాల్లో రోగుల పక్కకు కుక్కలను తీసుకెళ్తారన్న వార్త చదివి, "ఆ భాగ్యం మనకు ఎప్పటినుంచో ఉంది, మంచాల కిందే పడుకుంటాయి" అని రాశారు. నవ్వొచ్చింది. అబద్ధం కూడా కాదు. కానీ ఆ ఒక్క మాటతో తీసిపారేయాల్సిన విషయం కాదిది. అందుకే ఈ ఉత్తరం.

నేను పశుసంవర్ధక శాఖలో పనిచేసి రిటైరైన పశువైద్యుణ్ణి. సర్వీసంతా ఎక్కువగా గేదెలతోనే గడిచింది. గేదె మేత మానేసి చొంగ కారుస్తుంటే గొంతులో ఏదో అడ్డం పడిందనుకుని నోట్లో చెయ్యి పెట్టి వెతికిన రైతుల్ని చూశాను. తీరా అది పిచ్చికుక్క కరిచిన గేదె. ఆ ఇంటిల్లిపాదినీ ఇంజెక్షన్లకు పరుగెత్తించాల్సి వచ్చేది. లక్షణాలు బయటపడ్డాక రేబిస్‌కు మందు లేదు. కాబట్టి ఆస్పత్రి ఆవరణలో ఊరకుక్క ఉండకూడదన్న మాటలో నాకు రెండో అభిప్రాయం లేదు. గేటు మూయండి, గోడ కట్టండి, క్యాంటీన్ ఎంగిలాకులు బయట పారబోయడం ముందు ఆపండి. తిండి దొరికినంత కాలం కుక్కలు వస్తూనే ఉంటాయి.

నేను చెప్పేది వేరే కుక్క గురించి. ఒక ఇంట్లో పెరిగి, టీకాలన్నీ వేయించుకుని, పరీక్ష నెగ్గి, యజమాని చేతిలో పట్టీతో, డాక్టరు ఒప్పుకున్నాక, రోగి రమ్మన్నాక మాత్రమే గదిలోకి వచ్చే కుక్క.

అలాంటిదాన్ని అమెరికాలో చూశాను. మా అమ్మాయి వాళ్లు కొలంబస్‌లో ఉంటారు. మేమక్కడ ఉన్నప్పుడు మనవడికి అపెండిక్స్ ఆపరేషన్ అయింది. మర్నాడు వాణ్ణి లేచి నడవమంటే ససేమిరా అన్నాడు. కుట్లు లాగుతాయని భయం. అప్పుడొచ్చారు ఒక రిటైర్డ్ టీచరమ్మ, ఒంటికి చిన్న కోటు తొడిగిన గోల్డెన్ రిట్రీవర్‌తో. గుమ్మం దగ్గరే ఆగి, లోపలికి రావచ్చా అని మొదట పిల్లాణ్ణి అడిగారు, తర్వాత వాళ్లమ్మను. అందరి చేతులకూ శానిటైజర్ వేశారు. మంచం మీద ఉతికిన దుప్పటి ఒకటి పరిచి, దాని మీదికే కుక్కను ఎక్కించారు. మా అమ్మాయి కుక్క కళ్లు చూసి మురిసిపోతుంటే నేను ఆ దుప్పటి చూసి మురిసిపోయాను, వృత్తి అలాంటిది మరి. కాసేపటికి ఆవిడ, "ఇది కారిడార్ చివరిదాకా నడవాలంటోంది, పట్టీ ఎవరు పట్టుకుంటారు?" అన్నారు. వాడు లేచాడు. పొట్ట పట్టుకుని, వంగి వంగి, కారిడార్ చివరిదాకా వెళ్లొచ్చాడు. వెళ్తూ ఆవిడ కుక్క ఫొటో ఉన్న కార్డు ఒకటి ఇచ్చారు. అది ఇప్పటికీ వాడి పుస్తకాల సంచిలో ఉందట.

ఇది ఒక్క పిల్లాడి కథ, దీంతో ఏం రుజువవుతుందని అడుగుతారు. సరే, రుజువులకే వద్దాం. లాస్ ఏంజెలిస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ ఆస్పత్రిలో గుండె బలహీనపడి చేరిన 76 మందిని మూడు జట్లుగా విడదీశారు. ఒక జట్టుకు కుక్కతో కలిసి వాలంటీరు వచ్చి 12 నిమిషాలు ఉన్నారు. రెండో జట్టుకు వాలంటీరు మాత్రమే. మూడో జట్టుకు ఎవరూ రాలేదు, మామూలు వైద్యమే. కుక్క వచ్చిన జట్టులో ఆదుర్దా బాగా తగ్గింది, ఆందోళనలో పెరిగే ఎపినెఫ్రిన్ అనే హార్మోను రక్తంలో తగ్గింది, గుండెలో, ఊపిరితిత్తుల్లో రక్తపు ఒత్తిడీ తగ్గింది. ఆ ఫలితాలు 2007లో అచ్చయ్యాయి. ఇందులో నాకు నచ్చింది ఆ రెండో జట్టు. మనిషి వచ్చి పలకరిస్తే చాలదా, కుక్క ఎందుకు అన్న ప్రశ్నను వాళ్లే ముందుగా వేసుకున్నారు. అలాగని కుక్క గుండెజబ్బు నయం చేసిందని ఎవరూ అనలేదు. ఆ కాసేపు శరీరం మీద భారం తగ్గింది, అంతే. వచ్చింది కుక్కో కాదో రోగికి తెలియకుండా పరీక్ష పెట్టడం కుదరదు కాబట్టి ఇలాంటి పరిశోధనలకు ఆ లోటు ఎప్పుడూ ఉంటుంది. తెలిసే చెబుతున్నాను.

ఎగతాళి కూడా కొత్తది కాదు. న్యూయార్క్‌లో బోరిస్ లెవిన్సన్ అనే పిల్లల మనస్తత్వ నిపుణుడు ఉండేవాడు. ఎవరితోనూ కలవని ఒక పిల్లవాడు, గదిలో ఉన్న ఆయన కుక్క జింగిల్స్‌తో ఆడుకోవడం చూసి, ఆ తర్వాత దాన్ని పక్కన ఉంచుకునే వైద్యం చేశాడు. 1961లో తోటి నిపుణుల సభలో ఈ సంగతి చెబితే, ఫీజులో కుక్క వాటా ఎంత అని అడిగారట.

ఇక మా ఇంటి సంగతి. మా ఆవిడకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయింది. ఫిజియోథెరపిస్టు అమ్మాయి ఇంటికొచ్చి, చెక్కలో మేకులు గుచ్చమనీ, మెత్తటి ముద్ద పిసకమనీ చెప్పేది. "పిల్లలాటలు నాచేత ఆడిస్తావేమే" అని ఈవిడ విసుక్కునేది. పక్కింటి వాళ్ల లాబ్రడార్, బ్రౌనీ, తలుపు తెరిచి ఉంటే లోపలికొచ్చి ఈవిడ మోకాలి మీద తల పెట్టేది. ఆ అమ్మాయి తెలివైనది. దువ్వెన బ్రష్‌ను వెల్క్రో పట్టీతో ఈవిడ అరచేతికి కట్టి, దాని వీపు దువ్వమంది. మెడ నుంచి తోక దాకా దువ్వాలంటే భుజం కదలాలి, మోచెయ్యి చాపాలి, మళ్లీ వెనక్కి తేవాలి. చెయ్యమన్న వ్యాయామం సరిగ్గా అదే. మేకులు రెండు గుచ్చి పక్కన పెట్టే మనిషి, కుక్క లేచి వెళ్లేదాకా దువ్వేది. నయం చేసింది వ్యాయామం, చేయించింది కుక్క. మందుకు బదులు కుక్క అని ఎవరైనా చెబితే నమ్మకండి.

ఇప్పుడు అసలు చిక్కు, అంటురోగాలు. ఒక మంచం దగ్గరి మొండి క్రిమిని కుక్క బొచ్చు ఇంకో మంచానికి మోసుకెళ్లగలదు. డాక్టరు చెయ్యీ మోసుకెళ్తుంది, కానీ అది కుక్కకు అనుమతిపత్రం కాదు. అమెరికాలో ఆస్పత్రి అంటువ్యాధుల నిపుణుల సంఘం 2015లో ఇచ్చిన సూచనలు సూటిగా ఉన్నాయి. కుక్కకు కనీసం ఏడాది నిండాలి. పచ్చి మాంసం పెట్టకూడదు. స్నానం చేయించి తేవాలి. ముట్టుకునే ముందూ తర్వాతా ప్రతి ఒక్కరూ చేతులు శుభ్రం చేసుకోవాలి. ఒక విడతకు గంట దాటకూడదు. మన ఊళ్లకు నేను ఇంకొన్ని కలుపుతాను: ఏటేటా రేబిస్ టీకా, ఎలుకలున్న చోట తప్పనిసరిగా లెప్టోస్పైరోసిస్ (ఎలుకల మూత్రం ద్వారా సోకే జబ్బు) టీకా, నట్టల మందు, వచ్చే ముందు చెవుల్లో, వేళ్ల సందుల్లో పిడుదుల కోసం వెతకడం. ఐసీయూకీ, కాలిన గాయాల వార్డుకూ, కీమో వల్ల తెల్లకణాలు పడిపోయినవాళ్ల దగ్గరికీ వద్దు. ఒకే మంచం మీద ఇద్దరు పడుకునే వార్డులో కూడా వద్దు, అక్కడ ముందు కావలసింది మంచం.

టీకాల కన్నా స్వభావమే కష్టం. వెనక స్టీలు బేసిన్ కింద పడేస్తే ఏం చేస్తుంది? చంకకర్రలు, చక్రాల కుర్చీ దగ్గరికొస్తే? ఎవరో ఉన్నట్టుండి చెవి లాగితే? పది మంది అటెండెంట్లు చుట్టూ మూగితే? మా ఆవిడకు అంత మేలు చేసిన బ్రౌనీ ఈ పరీక్షలో మొదటి మెట్టు మీదే తప్పుతుంది, గిన్నె చప్పుడైతే సోఫా వెనక దూరుతుంది. మంచి కుక్కలన్నీ ఈ పనికి పనికిరావు. పనికొచ్చిన కుక్కకూ అలుపుంటుంది. నిద్ర రాకపోయినా ఆవలిస్తుంటే, మూతి నాక్కుంటుంటే, మొహం తిప్పుకుంటుంటే ఇక చాలని అర్థం. రోగి ఎంత బతిమాలినా యజమాని దాన్ని ఇంటికి తీసుకెళ్లిపోవాలి.

రోగికి ఇష్టమా అన్నది వీటన్నిటికన్నా ముందు. చిన్నప్పుడు కరిపించుకున్నవాళ్లు ఉంటారు, మడి పాటించేవాళ్లు ఉంటారు, కుక్క ముట్టుకుంటే నమాజుకు ఇబ్బందనే వాళ్లు ఉంటారు. పక్క మంచం వాళ్లను కూడా అడగాలి. ఒక్కరు వద్దన్నా సరే, వద్దు. నడవగలిగిన రోగుల్నే వేరే గదికి తీసుకెళ్లడం అన్నిటికన్నా సుఖం.

డబ్బు దండగ అనేవారికి ఒక్క మాట. కుక్కలు వాలంటీర్లవి, తిండి వాళ్లే పెట్టుకుంటారు. ఆస్పత్రి ఇవ్వాల్సింది ఒక గది, ఒక రిజిస్టరు, బాధ్యత తీసుకునే ఒక నర్సు. చెన్నైలో బ్లూ క్రాస్ వారు 'డాక్టర్ డాగ్' పేరుతో, ముంబైలో యానిమల్ ఏంజెల్స్ వారు ఈ పని మొదలుపెట్టి చాలా ఏళ్లయింది. మనకు తిరుపతిలో ఒకటి, రాజేంద్రనగర్‌లో ఒకటి పశువైద్య విశ్వవిద్యాలయాలున్నాయి. స్వభావ పరీక్ష ఎలా ఉండాలో, సర్టిఫికెట్ ఎవరివ్వాలో, ఎన్నాళ్లకొకసారి మళ్లీ పరీక్షించాలో వీళ్లు రాసి, రెండు రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖలతో ఒప్పించాలి. ఆ కాగితం లేకుండా ఎవరి ముద్దుల కుక్కను వాళ్లు ఆస్పత్రికి తీసుకొచ్చి ఫొటోలు దిగడం మొదలైతే మాత్రం నేనే వ్యతిరేకంగా ఇంకో ఉత్తరం రాస్తాను.

తెనాలి, గుంటూరు, విజయవాడల్లో ఏ ఆస్పత్రి ఫిజియోథెరపీ విభాగమైనా, వృద్ధాశ్రమమైనా దీన్ని చిన్నగా మొదలుపెట్టాలనుకుంటే కుక్కల ఆరోగ్య పరీక్ష, టీకాల రికార్డు, స్వభావ పరీక్ష నేను ఉచితంగా చూస్తాను. ఆదివారాలు పూర్తిగా ఖాళీ, మిగతా రోజుల్లో సాయంత్రం నాలుగు తర్వాత. నా చిరునామా మీ కార్యాలయంలో ఉంది, అడిగినవారికి ఇవ్వగలరు.

ఇట్లు,
విశ్రాంత పశువైద్యుడు, తెనాలి