వృత్తి: కూలీ — వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ప్రభుత్వాసుపత్రుల్లో 31 ఏళ్ళు ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేసి రిటైరైనవాణ్ణి. మాది పులివెందుల దగ్గర ఒక పల్లె. పులివెందుల అనగానే మీకు రాజకీయం గుర్తొస్తుంది. మా చిన్నప్పుడు బడిపిల్లలకైతే రాతినార, అంటే ఆస్‌బెస్టాస్, గుర్తొచ్చేది. సాంఘికశాస్త్రం పరీక్షలో "రాతినార ఎక్కడ దొరుకును?" అనే అర మార్కు బిట్టుకు జవాబు మా ఊరే. మా ఊరి పేరు పుస్తకంలో ఉందని మురిసిపోయేవాళ్ళం.

ఆ రాయి మీరు చూశారో లేదో. బ్రాహ్మణపల్లె వైపు నేలలో వేంపల్లె సున్నపురాతి పొరలున్నాయి. ఎన్నో కోట్ల ఏళ్ళ కిందట భూమి అడుగు నుంచి కరిగిన నల్లరాయి వాటిలోకి చొరబడింది. ఆ రెండు రాళ్ళూ తాకిన చోట ఆకుపచ్చగా ఇంకో రాయి తయారైంది. దాని మధ్యలో వేలెడు మందాన తెల్లటి చారలుంటాయి. ఆ చారను గోటితో గీరితే పట్టుకుచ్చులాగా విడిపోతుంది. వత్తిలా పేని దీపంలో పెట్టినా కాలదు. కాలుతుందా కాలదా అని పందేలు వేసుకునేవాళ్ళం. పుస్తకాల్లో దాని పేరు క్రిసోటైల్, తెల్ల ఆస్‌బెస్టాస్.

మా చిన్నాయన పదేళ్ళకు పైగా ఆ గనికి పోయాడు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి కనుబొమల మీద, చెవుల మీది వెంట్రుకల మీద తెల్లటి నూగు. చిన్నమ్మ ఆయన చొక్కా, పంచె, తలగుడ్డ తీసుకుని వాకిట్లో మట్టిగోడకేసి కొట్టి దులిపేది. గోడకు ఆ చోట సున్నం వేసినట్టు మరక పడింది. పడమటి ఎండ ఏటవాలుగా పడే వేళలో ఆ దుమ్ము గాలిలోనే నిలబడి మిలమిలా మెరిసేది. బట్టలు బానలో నానేసేది ఆ తర్వాతే. చిన్నాయనకు ఊపిరితిత్తుల జబ్బేమీ రాలేదు. ముసలితనంతో, నిద్రలో పోయాడు. జబ్బు వచ్చింది చిన్నమ్మకు.

ఆమెకు 68వ ఏట ఆయాసం మొదలైంది. కుడి పక్కటెముకల కింద ఏదో బరువు పెట్టినట్టుందనేది. ఎక్స్‌రే తీస్తే నీరు పట్టిందన్నారు. సూది గుచ్చి లీటరు పైగా తీస్తే పది రోజులకు మళ్ళీ చేరింది. కళ్లెలో టీబీ క్రిమి లేదు. తీసిన నీళ్ళలోనూ లేదు. అయినా ఆరు నెలలు టీబీ మందులు మింగించారు. ఆ డాక్టరును నేను తప్పుపట్టను. మన దేశంలో ఊపిరితిత్తికి నీరు పడితే ఎవరైనా మొదట టీబీనే అనుమానిస్తారు. ఆరు నెలలకు చిన్నమ్మ చీర కుచ్చిళ్ళు రెట్టింపు పెట్టుకోవాల్సి వచ్చింది, అంతగా చిక్కిపోయింది.

చివరికి బెంగుళూరు తీసుకుపోయాం. అక్కడొక పెద్దాయన, డాక్టరే, స్కానింగు ఫిల్మును కిటికీ వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. తర్వాత కుర్చీ దగ్గరకు జరుపుకుని, సగం కన్నడం సగం తెలుగులో, "అమ్మా, మీ యజమాని ఏం పని చేస్తా ఉండె?" అని అడిగాడు. చిన్నమ్మకు ఆ ప్రశ్న విచిత్రంగా తోచింది. జబ్బు తనకైతే మొగుడి పని అడుగుతాడేంటని. "రాతినార గనికి పోతాండె సార్" అంది. ఆయన పెన్ను కింద పెట్టేశాడు. "ఆయన బట్టలు ఎవరు ఉతుకుతాండ్రి?"

బయాప్సీ పంపారు. మీసోథీలియోమా అని వచ్చింది.

ఇన్నేళ్ళు ల్యాబులో కూర్చున్న నేను ఆ మాటను పుస్తకంలో చదివానే తప్ప, ఒక రిపోర్టు మీద చూడటం అదే మొదలు. ఊపిరితిత్తుల చుట్టూ, పొట్టలో పేగుల చుట్టూ పలుచటి పొర ఉంటుంది. ఆ పొరకు వచ్చే క్యాన్సరు అది. రాతినార పోగులు కంటికి ఆననంత సన్నవి. గాలితో లోపలికి పోయి ఊపిరితిత్తుల కొసలదాకా చేరి, కొన్ని ఆ పొరలో గుచ్చుకుంటాయి. అవి కరగవు. వాటిని మింగెయ్యాలని వచ్చిన రక్షక కణాలు మింగలేక చస్తాయి, మళ్ళీ వస్తాయి, మళ్ళీ చస్తాయి. ఏళ్ళ తరబడి ఆ పుండు రగులుతూనే ఉంటుంది. పోగు పీల్చిన నాటికీ జబ్బు బయటపడే నాటికీ మధ్య 20 నుంచి 50 ఏళ్ళు పడుతుంది. బయటపడ్డాక చాలామందికి మిగిలేది ఏడాది, అటూ ఇటూగా. చిన్నమ్మకు తొమ్మిది నెలలు మిగిలాయి. అన్నట్టు, ఈ జబ్బుకూ బీడీ సిగరెట్లకూ సంబంధం లేదు. పొగ తాగేవాడికి రాతినార కూడా తోడైతే ఊపిరితిత్తి క్యాన్సరు ముప్పు ఎన్నో రెట్లవుతుంది గానీ, అది వేరే జబ్బు.

మంత్రి గారూ, ఒక్క మనిషి కథతో ఏదీ రుజువు కాదని నాకూ తెలుసు. అందుకే దక్షిణాఫ్రికా సంగతి ఒకటి చెప్పనివ్వండి. కింబర్లీ పట్టణంలో టీబీ ఆసుపత్రి చూసే స్లెగ్స్ అనే డాక్టరు 1950ల్లో ఒక వింత గమనించాడు. ఊపిరితిత్తికి నీరు పట్టి వచ్చేవాళ్ళలో తూర్పు నుంచి వచ్చినవాళ్ళు టీబీ మందులకు కోలుకుంటున్నారు, పడమటి నుంచి వచ్చినవాళ్ళు కోలుకోవడం లేదు. పడమటి దిక్కున ఉన్నవి నీలి ఆస్‌బెస్టాస్ కొండలు. వాగ్నర్ అనే పాథాలజిస్టు, స్లెగ్స్, మార్చండ్ అనే ఇంకో డాక్టరు కలిసి 33 మంది రోగుల వివరాలు 1960లో అచ్చువేశారు. అందులో గని పనివాళ్ళే కాదు, ఇల్లాళ్ళున్నారు, పశువులు కాసినవాళ్ళున్నారు, చిన్నప్పుడు గని పక్కన పెరిగి పెద్దయ్యాక వేరే ఉద్యోగాలకు పోయినవాళ్ళున్నారు. ఈ జబ్బుకూ రాతినారకూ ముడి పడింది ఆ వ్యాసంతోనే. వాళ్ళ దగ్గర ఇప్పటి స్కానింగులు లేవు. రోగి ఏ దిక్కు నుంచి వచ్చాడు, ఎక్కడ పుట్టాడు, ఏం పని చేశాడు అని అడిగారు, అంతే.

మనం అడగం. నేను అడగలేదు. 31 ఏళ్ళలో ఎందరి ఛాతీ నీళ్ళో నా చేతుల మీదుగా పోయాయి. ఎండుగడ్డి రంగువి, నెత్తురు కలిసినవి. మిషన్లో తిప్పి, స్లయిడు మీద పూసి, రంగు వేసి, "టీబీ క్రిమి కనబడలేదు" అని రాసిచ్చి పంపేవాణ్ణి. రిజిస్టర్లో పేరు, వయసు, ఊరు, వృత్తి అని నాలుగు గళ్ళు. వృత్తి గడిలో మగవాళ్ళకు "కూలీ", ఆడవాళ్ళకు "గృహిణి". అడక్కుండానే రాసేవాణ్ణి. లింగాల, వేంపల్లె, పులివెందుల మండలాల నుంచి వచ్చిన కూలీల్లో ఎవరు వేరుశనగ చేనుకు పోయారో, ఎవరు రాతినార గనికి పోయారో ఆ రిజిస్టర్ను బట్టి ఇప్పుడు ఎవరూ చెప్పలేరు. మన రాష్ట్రంలో ఈ జబ్బు లెక్కల్లో కనబడకపోతే అందులో నా చేతిరాత కూడా ఉంది.

గనులు కేంద్రం పరిధిలోవి అని మీ అధికారులు ఫైలు తిప్పి పంపవచ్చు. నిజమే, లీజులు కేంద్రం చూసుకుంది. 1986లో కొత్తవి ఇవ్వడం, 1993లో పాతవి పొడిగించడం ఆపేసింది. గనులు ఒక్కొక్కటే మూతపడ్డాయి. కానీ అక్కడ పనిచేసిన మనుషులు ఇప్పుడు వస్తున్నది మీ ఆసుపత్రులకే.

1995 జనవరి 27న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. కన్జ్యూమర్ ఎడ్యుకేషన్ అండ్ రీసెర్చ్ సెంటర్ వేసిన కేసు అది. కార్మికుడి ఆరోగ్యం రాజ్యాంగం 21వ అధికరణం, అంటే జీవించే హక్కు, కిందికొచ్చే హక్కు అని చెప్పిన తీర్పు. ఆస్‌బెస్టాస్ పనివాడి ఆరోగ్య రికార్డును పనిలో చేరిన నాటి నుంచి 40 ఏళ్ళు, లేదా పని మానేసిన తర్వాత 15 ఏళ్ళు, ఏది ఎక్కువైతే అంతవరకు ఉంచాలన్నారు. జబ్బు తేలినవాళ్ళకు లక్ష రూపాయల పరిహారం అన్నారు. 2011లో నిషేధం కోరుతూ వేసిన కేసును కొట్టేస్తూ కూడా, ఈ ఆదేశాలు పాటించాల్సిందేనని సుప్రీంకోర్టే మళ్ళీ చెప్పింది. లెక్క వేయండి. 1990లో పద్దెనిమిదో ఏట గనిలో చేరినవాడి రికార్డు 2030 దాకా ఉండాలి. జబ్బు పైకి తేలే కాలమూ ఇదే. మా ఊళ్ళో గనికి పోయినవాళ్ళలో నేనడిగిన ఏ ఒక్కరి దగ్గరా ఒక్క ఎక్స్‌రే ఫిల్ము లేదు, ఒక్క కార్డు లేదు. మేస్త్రీ వారానికోసారి చేతిలో పెట్టిన కూలి తప్ప వాళ్ళకూ గనికీ మధ్య కాగితమే లేదు.

మన దగ్గరిది తెల్ల ఆస్‌బెస్టాస్, అది ప్రమాదం కాదు, నీలిది, గోధుమరంగుదే ప్రమాదం అనే వాదన మీ దాకా వచ్చి ఉంటుంది. మీసోథీలియోమా విషయంలో నీలిది మరింత చెడ్డదన్న మాట నిజమే. అంతమాత్రాన తెల్లది మంచిదైపోదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ పరిశోధన సంస్థ ఆస్‌బెస్టాస్ రకాలన్నిటినీ మనిషికి క్యాన్సర్ తెచ్చే మొదటి వర్గంలోనే పెట్టింది. బ్రిటన్ తెల్లదాన్ని 1999లో, కెనడా 2018లో, అమెరికా 2024లో నిషేధించాయి. మన పక్కనున్న నేపాల్ కూడా వద్దనుకుంది. మన దేశంలో మాత్రం తవ్వకం ఆపి, రష్యా, కజకస్థాన్, బ్రెజిల్ నుంచి ఓడల్లో తెచ్చుకుని రేకులు చేసుకుంటున్నాం. బ్రెజిల్ సుప్రీంకోర్టు వాళ్ళ జనం దాన్ని వాడకూడదని 2017లోనే తేల్చింది. ఇదంతా ఢిల్లీ తేల్చాల్సిన సంగతి కనుక దీని గురించి ఎక్కువ రాయను.

రేకుల గురించి ఒక్క మాట మాత్రం మీరు చెప్పవచ్చు. నెత్తిన ఉన్న రేకు పగలకుండా ఉన్నంతకాలం దాని కింద పడుకున్నవాళ్ళు ఇప్పటికిప్పుడు భయపడాల్సిన పని లేదు. కోసేటప్పుడు, తూట్లు వేసేటప్పుడు, పగిలినప్పుడు, ఏళ్ళకేళ్ళు ఎండకూ వానకూ పెచ్చులూడినప్పుడు పోగులు లేస్తాయి. కటింగ్ మిషనుతో పొడిగా రేకు కోసే కుర్రాణ్ణి చూడండి, పిండిమిల్లులో నిలబడినట్టుంటాడు. ముక్కుకు కట్టుకున్న తువాలు ఆ పోగుల్ని ఆపదు. 2014లో హుద్‌హుద్ వచ్చినప్పుడు విశాఖలో, 2018లో తిత్లీ వచ్చినప్పుడు ఉద్దానంలో ఎన్ని రేకులు ఎగిరి తునాతునకలయ్యాయో మీకు తెలుసు. తుపాను వెళ్ళాక ఆ ముక్కల్ని దారి గుంతల్లో పోసి తొక్కిస్తారు. నీళ్ళు చల్లి తడిపి, ఇంకా పగలగొట్టకుండా, సంచుల్లో కట్టి ఒకచోట పూడ్చాలని తుపాను జాగ్రత్తల కరపత్రంలో రెండు వాక్యాలు చేర్చడానికి బడ్జెట్ అక్కర్లేదు. బడి వంటగదుల మీద ఇకపై ఈ రేకులు వేయించకండి. ఆస్‌బెస్టాస్ లేని రేకులు దొరుకుతున్నాయి.

నేను ముఖ్యంగా అడిగేది చిన్నది. ఎన్టీఆర్ వైద్య సేవలో గానీ, ప్రభుత్వాసుపత్రి కేస్ షీటులో గానీ, ఛాతీకి నీరు పట్టిన ప్రతి రోగి దగ్గరా రెండు ప్రశ్నలకు జవాబు రాసి తీరాలని ఆదేశం ఇవ్వండి. మొదటిది, వయసులో ఉన్నప్పటి నుంచి ఏమేం పనులు చేశారు? రెండోది, ఇంట్లోవాళ్ళు ఏం పని చేసేవాళ్ళు? "కూలీ" అని రాస్తే కంప్యూటరు ఒప్పుకోకూడదు. ఏం కూలీ అని అడగాలి. రాతినార, రేకుల ఫ్యాక్టరీ, ఓడల మరమ్మతు, బాయిలర్లకు తొడుగులు వేయడం, బ్రేకు లైనర్లు అరగదీయడం, వీటిలో ఏదైనా ఉంటే, టీబీ క్రిమి దొరక్కపోతే, ఆరు నెలలు ఆగకుండా బయాప్సీకి పంపాలి. ఇది మీసోథీలియోమానా, ఊపిరితిత్తి నుంచి పాకిన వేరే క్యాన్సరా అని తేల్చే ప్రత్యేక రంగుల పరీక్ష జిల్లా ల్యాబుల్లో జరిగే పని కాదు. ఆ ముక్కలు ఏ పెద్దాసుపత్రికి పోవాలో, ఖర్చు ఎవరిదో ఆ ఆదేశంలోనే ఉండాలి.

నయం కాని జబ్బును ముందే కనిపెట్టి ఏం లాభం అని ఒక డాక్టరు మిత్రుడు అడిగాడు. సరైన ప్రశ్నే. చిన్నమ్మకు ఆరు నెలల టీబీ మందుల వాంతులు తప్పేవి. నొప్పి తగ్గించే మందు ఆ రోజు నుంచే అందేది. పరిహారం అడగడానికి చేతిలో ఒక కాగితం ఉండేది. ఆ కాగితం చూసి ఇంకెవరి వాకిట్లో ఆ గోడ ఉందో వెతికేవాళ్ళు.

ఆ మూడు మండలాల్లో గనికి పోయినవాళ్ళ, వాళ్ళ ఇళ్ళవాళ్ళ పేర్లతో ఒక పట్టిక తయారు చేయించమని కూడా అడుగుతున్నాను. ఆశా కార్యకర్తలు గడప గడపకూ తిరుగుతూనే ఉన్నారు. వాళ్ళ పుస్తకంలో ఒక గడి చాలు. గని పక్కన పోసిన రాతిగుట్టల సంగతి గనుల శాఖవాళ్ళకు మీరే చెప్పండి. జార్ఖండ్‌లో చైబాసా దగ్గర రోరో కొండల్లో 1983లో గని మూసి వ్యర్థాన్ని అలాగే వదిలేసి పోయారు, ఆ గొడవ ఇప్పటికీ తెమలలేదు.

నేను నా వంతుగా ఒక నోటుపుస్తకం పెట్టాను. పొద్దున పూట రచ్చబండ దగ్గర కూర్చుని, గనికి పోయినవాళ్ళు ఎవరెవరు, ఏ ఏటి నుంచి ఏ ఏటి దాకా, బట్టలు ఉతికింది ఎవరు అని అడిగి రాస్తున్నాను. మొదట నవ్వారు. ఇప్పుడు వాళ్ళే పిలిచి, "ఫలానా వాడు కూడా పోతాండె, రాసుకో" అంటున్నారు. కొన్ని పేర్ల పక్కన "చనిపోయారు, ఆయాసం" అని రాయాల్సి వస్తోంది. మీ శాఖ నుంచి ఎవరినైనా పంపితే ఆ పుస్తకం చేతికిస్తాను. మొదటి పేజీలో చిన్నమ్మ పేరుంది. వృత్తి గడిలో "గృహిణి" అని రాసి, కొట్టేసి, "రాతినార బట్టలు దులిపేది" అని రాశాను.

ఇట్లు,
విశ్రాంత ల్యాబ్ టెక్నీషియన్,
వైఎస్సార్ కడప జిల్లా