శుభకృత్ నామ సంవత్సర వార్షిక నివేదిక: క్రీడా విభాగం

సభ్యులందరికీ నమస్కారం, శోభకృత్ ఉగాది శుభాకాంక్షలు.

పోయిన ఉగాది నుంచి ఈ ఉగాది వరకు మన తెలుగు సంఘం క్రీడా విభాగంలో జరిగినవన్నీ ఇందులో రాస్తున్నాను. క్రికెట్, త్రోబాల్, పిల్లల శనివారం శిక్షణ గురించి చివర్లో క్లుప్తంగా ఉంటుంది. ఎక్కువ భాగం చాపెల్ హిల్ బాస్కెట్‌బాల్ జట్టు, అంటే నార్త్ కరోలినా యూనివర్సిటీ జట్టు గురించే. ఈ ఏడాది మన విభాగానికి జనం ఎక్కువగా వచ్చింది ఆ మ్యాచ్‌లు కలిసి చూడటానికే, మాటామాటా పెరిగిందీ అక్కడే. ఇరవై ఏళ్ళ స్నేహం ఉన్న ఇద్దరు పెద్దలు సంక్రాంతి సంబరాల్లో ఒకరి పక్కన ఒకరు కూర్చోలేదు. "ఇంట్లో గొడవ నివేదికలోకి ఎందుకండీ" అని కార్యవర్గంలో కొందరన్నారు. ఏడాదంతా మనల్ని ఊపేసిన విషయాన్ని వదిలేసి కప్పులూ షీల్డులూ లెక్క రాస్తే అది నివేదిక కాదని నేను పట్టుబట్టాను.

పోయిన ఉగాది రాత్రి

2022 ఏప్రిల్ 2, శనివారం. పంచాంగ శ్రవణం, పిల్లల నాట్యాలు అయ్యి భోజనాల దగ్గరికి వచ్చేసరికి న్యూ ఆర్లీన్స్‌లో నార్త్ కరోలినా, డ్యూక్ జట్ల సెమీఫైనల్ మొదలైంది. రాలీ, డర్హమ్, చాపెల్ హిల్ కలిసిన మన ట్రయాంగిల్‌లో ఉంటూ ఆ మ్యాచ్ పట్టించుకోకుండా ఉండటం ఎవరి వల్లా కాదు. అన్న చాపెల్ హిల్‌లో, చెల్లెలు డ్యూక్‌లో, మేనల్లుడు రాలీలో ఎన్.సి. స్టేట్‌లో చదివే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. పైగా డ్యూక్ కోచ్ మైక్ షషెఫ్‌స్కీకి అది ఆఖరి సీజన్. అమెరికా కాలేజీ జట్ల జాతీయ పోటీ అయిన ఎన్‌సీఏఏ టోర్నమెంట్‌లో ఈ రెండు జట్లూ తలపడటం అదే మొదటిసారి కూడా.

ఎవరిదో ఫోన్ పులిహోర ట్రేకి ఆనించి నిలబెట్టారు. పట్టుచీరలూ పంచెలూ అన్నీ దాని చుట్టూ చేరాయి. ఆఖరి అరనిమిషంలో కేలెబ్ లవ్ మూడు పాయింట్ల షాట్ వేసినప్పుడు సాంబారు వడ్డిస్తున్న ఆవిడ గరిటె గాల్లోనే పట్టుకుని ఉండిపోయారు. వరసలో నిలబడ్డవాళ్ళు ఎవరూ అడగలేదు. 81-77తో చాపెల్ హిల్ గెలిచింది. రెండు రోజుల తర్వాత ఫైనల్లో సగం ఆట అయ్యేసరికి 40-25తో ముందుండి, చివరికి కాన్సస్ చేతిలో 72-69తో ఓడిపోయింది. అంత వెనకబడి గెలిచిన జట్టు ఫైనల్స్ చరిత్రలో మరొకటి లేదు. అయినా మనవాళ్ళ సంతోషం తగ్గలేదు.

ఆ సంతోషంలో మనం మరిచిపోయిన సంగతి ఒకటుంది. అదే జట్టు ఆ సీజన్లో కెంటకీ చేతిలో 98-69తోనూ, మయామీ చేతిలో 85-57తోనూ ఓడింది. ఫిబ్రవరి 5న సొంత కోర్టులో డ్యూక్ 87-67తో ఓడించింది. ఫిబ్రవరి 16న పిట్స్‌బర్గ్ కూడా మన ఊరికే వచ్చి గెలిచి వెళ్ళింది. టోర్నమెంట్‌లో 8వ సీడ్‌తో, అంటే తన గుంపులో ఎనిమిదో స్థానంతో అడుగుపెట్టిన జట్టు అది. మూడు నాలుగు వారాలు అద్భుతంగా ఆడింది నిజమే. దానికి ముందు నాలుగు నెలలు ఒక రోజు ఆడి ఒక రోజు ఆడకుండా గడిపిందీ నిజమే.

ఈ ఏడాది సీజన్

ఐదుగురు ప్రధాన ఆటగాళ్ళలో నలుగురు తిరిగొచ్చారు: అర్మాండో బేకాట్, కేలెబ్ లవ్, ఆర్.జె. డేవిస్, లీకీ బ్లాక్. అక్టోబర్లో వచ్చిన అసోసియేటెడ్ ప్రెస్ (ఏపీ) వార్తాసంస్థ ర్యాంకుల్లో జట్టుకి మొదటి స్థానం ఇచ్చారు. నా దృష్టిలో ఈ ఏడాది గొడవలన్నిటికీ మూలం అక్కడే ఉంది. ఆఖరి పరీక్షలు బాగా రాశాడని, మరుసటి ఏడు పుస్తకాలు తెరవకముందే పిల్లాడికి స్టేట్ ఫస్ట్ అని వీధి చివర ఫ్లెక్సీ కట్టేశారు. మనం కూడా కట్టాం. తొలి మ్యాచ్‌కి మా ఇంటి కేకు మీద క్రీముతో "1" అని రాయించింది నేనే.

థాంక్స్‌గివింగ్ సెలవుల్లో పోర్ట్‌లాండ్‌లో అయోవా స్టేట్ చేతిలో 70-65తో ఓడింది. రెండు రోజులకి అలబామాతో నాలుగు ఓవర్‌టైమ్‌లు ఆడి 103-101తో ఓడింది. ఆ వెంటనే ఇండియానా, వర్జీనియా టెక్. వరసగా నాలుగు ఓటములు. రెండు వారాల్లో మొదటి ర్యాంకు పోయి, మొదటి ఇరవై ఐదులోనే పేరు లేకుండా పోయింది.

డిసెంబర్ 4, వర్జీనియా టెక్ మ్యాచ్ అయిన సాయంత్రం మా ఇంటి బేస్‌మెంట్‌లో టీవీ ఆపేశాక మొదలైన వాదన రాత్రి పదకొండు దాకా సాగింది. అందులో అందరి మాటల్లోనూ ఎంతో కొంత నిజం ఉంది. అందుకే ఎవరేమన్నారో ఇక్కడ రాస్తున్నాను.

సీజన్ టికెట్లు కొనే ఒక పెద్దాయన ఇలా అన్నారు: "2021 జూలై నుంచి ఈ పిల్లలు తమ పేరు మీద ప్రకటనలు చేసి డబ్బు తీసుకోవచ్చు. ఇంకా పసివాళ్ళని ముద్దు చేస్తే ఎలా? డబ్బు తీసుకున్నప్పుడు మాట కూడా పడాలి." దానికి ఆయన స్నేహితుడు, చాపెల్ హిల్‌లో కూతురిని చదివిస్తున్నాయన, గట్టిగా అడ్డుపడ్డారు. తన కూతురితో కలిసి అదే భోజనశాలలో తినే పిల్లలని, వాళ్ళకి పొద్దున్నే క్లాసులుంటాయని, ఓడిన మర్నాడు వాళ్ళు కాంపస్‌లో తల దించుకుని నడుస్తారని చెప్పారు. తిట్టేవాళ్ళు అభిమానులే కాదు, గెలుపుకి చుట్టాలు మాత్రమే అన్నారు. ఆ మాటకి మొదటాయనకి కోపం వచ్చింది. ముప్పై ఏళ్ళుగా జట్టు వెంట ఉన్న మనిషిని అభిమాని కాదనడం అన్యాయమని నాకూ అనిపించింది. సంక్రాంతికి వాళ్ళిద్దరూ దూరంగా కూర్చోవడానికి కారణం ఇదే.

మూడో గొంతు మన త్రోబాల్ కెప్టెన్‌ది. చదువుకునే రోజుల్లో ఆవిడ యూనివర్సిటీ జట్టుకి బాస్కెట్‌బాల్ ఆడారు. "మీరిద్దరూ పిల్లల గురించి మాట్లాడుతున్నారు, ఆట గురించి ఎవరూ మాట్లాడటంలేదు" అని, పేపర్ ప్లేట్ తిప్పి వెనకవైపు కోర్టు గీసి చూపించారు. పోయిన ఏడు బ్రేడీ మానెక్ దూరం నుంచి వేసిన షాట్లలో నూటికి నలభై పడేవి. అతని చదువు అయిపోయింది, వెళ్ళిపోయాడు. అతని స్థానంలో నార్త్‌వెస్టర్న్ నుంచి వచ్చిన పీట్ నాన్స్ మంచి ఆటగాడే, కానీ అతనిది ఆ ఆట కాదు. బయటి నుంచి షాట్లు పడకపోతే ఎదుటి జట్టువాళ్ళు బయట కాపలా మానేసి లోపలికి జరిగి బేకాట్ చుట్టూ మూగుతారు. అతనికి బంతి అందదు, అందినా తిరగడానికి చోటుండదు. బంతి మళ్ళీ బయటికొస్తుంది, తొందరలో ఇంకో చెడ్డ షాట్ వేస్తారు. "ఇందులో మనసుపెట్టి ఆడకపోవడం ఎక్కడుంది? చోటు లేదు, అంతే" అన్నారావిడ. సీజన్ మొత్తానికి జట్టు మూడు పాయింట్ల షాట్లు నూటికి 31 దగ్గరే ఆగాయి. పోయిన ఏడాది 36 దాకా ఉండేవి. ఆవిడ డిసెంబర్లోనే చెప్పారు.

కోచ్ హ్యూబర్ట్ డేవిస్ మీద విమర్శ వేరు. చాపెల్ హిల్ పాత కోచ్ డీన్ స్మిత్ దగ్గర ఆడి, పన్నెండేళ్ళు ఎన్‌బీఏలో ఉండి, రాయ్ విలియమ్స్ తర్వాత 2021లో బాధ్యత తీసుకున్న మనిషి. ఇది రెండో ఏడాదే. బెంచ్ మీదున్న కుర్రాళ్ళకి ఆడే అవకాశం సరిగ్గా ఇవ్వలేదని, ఐదారుగురినే అరగదీశాడని మనలో చాలామంది అన్నారు. అది న్యాయమైన విమర్శేనని నేనూ అనుకుంటున్నాను. పోయిన ఏడు ఐదుగురితో ఫైనల్ దాకా వెళ్ళాం కాబట్టి ఈ ఏడూ వెళ్తామనుకోవడం కోచ్ పొరపాటు, మన పొరపాటు కూడా.

సంతోషాలు లేకపోలేదు. డిసెంబర్ 17న న్యూయార్క్‌లో ఒహాయో స్టేట్ మీద ఓడిపోయామనుకున్న మ్యాచ్‌ని పీట్ నాన్స్ బజర్ మోగే క్షణంలో సమం చేశాడు, ఓవర్‌టైమ్‌లో 89-84తో గెలిచాం. వారం కిందటి వరకు అతన్ని దండగ అన్నవాళ్ళే ఆ రోజు సోఫా ఎక్కి గంతులేశారు. జనవరి 21న ఎన్.సి. స్టేట్ మీద బేకాట్, పాత ఆటగాడు టైలర్ హాన్స్‌బ్రో పేరు మీదున్న 1,219 రీబౌండ్ల (గురి తప్పి తిరిగొచ్చిన బంతిని అందుకోవడం) చాపెల్ హిల్ రికార్డు దాటాడు. ఆ రోజు మా ఇంట్లో సగం ఎన్.సి. స్టేట్ ఎరుపు, సగం చాపెల్ హిల్ లేత నీలం. ఎర్ర చొక్కాల పిల్లలు కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టారు.

ఫిబ్రవరి 1

ఇది రాయడానికి ఆ తండ్రి అనుమతి తీసుకున్నాను. పేరు వద్దన్నారు.

పిట్స్‌బర్గ్‌తో సొంత కోర్టులో మ్యాచ్. ఒక్క పాయింట్ తేడాతో, 65-64తో ఓడిపోయాం. చివరి షాట్ పడనప్పుడు ఆయన లేచి టీవీ వైపు వేలు చూపించి, ఆ కుర్రాణ్ణి తెలుగులో ఒక మాట అన్నారు. పిల్లల ముందు అనాల్సిన మాట కాదు. ఆయన కొడుకు పదకొండో తరగతి, వాళ్ళ హైస్కూల్ జట్టులో ఆడతాడు. ఏమీ అనకుండా లేచి, మెట్ల మీద బూట్లు వేసుకుని వెళ్ళి బయట కారులో కూర్చున్నాడు. ఇంటికి వెళ్ళేటప్పుడు సగం దారిలో అడిగాడట: "నాన్నా, నేను ఫ్రీ త్రో మిస్ చేసినప్పుడు నువ్వు పైకి 'పర్లేదురా' అంటావు. లోపల ఇదే అనుకుంటావా?"

ఆ తండ్రి తర్వాతి సమావేశంలో నిలబడి ఈ సంగతి తనే చెప్పారు. చెప్తూ మధ్యలో ఆగిపోయారు. డబ్బు తీసుకున్నవాళ్ళు మాట పడాలన్న పెద్దాయన లేచి వెళ్ళి ఆయన భుజం మీద చెయ్యి వేశారు. ఆ పెద్దాయన ఇప్పటికీ విమర్శించడం మానలేదు, మానాలని నేను అడగను కూడా. కానీ ఆ రోజు నుంచి ఆయన నోట "షాట్ ఎంపిక బాగాలేదు", "ఇక్కడ పాస్ ఇవ్వాల్సింది" అన్న మాటలే వింటున్నాం.

ఆ సమావేశంలో విభాగం ఒక నిర్ణయం తీసుకుంది. మ్యాచ్ చూసే చోట ఆట మీద, కోచ్ నిర్ణయాల మీద, కమిటీల మీద ఎంత ఘాటుగానైనా మాట్లాడొచ్చు. ఆటగాడి పుట్టుక, తెలివి, ఒంటిరంగు, కుటుంబం జోలికి వెళ్తే ఆ ఇంటివాళ్ళు టీవీ ఆపేస్తారు. రంగు మాట ప్రత్యేకంగా చేర్చింది నేనే. ఆ జట్టులో ఎక్కువమంది నల్లజాతి పిల్లలు. మనవాళ్ళ నోట అలవాటుగా దొర్లే కొన్ని మాటలు మనకి సిగ్గుచేటు, ఇక్కడ పెరుగుతున్న మన పిల్లలకి అవి మనకన్నా బాగా అర్థమవుతాయి.

మార్చి 12

టోర్నమెంట్‌కి ఎంపికైన 68 జట్ల పేర్లు ప్రకటించే ఆదివారం. మొత్తం 20 గెలుపులు, 13 ఓటములు. ఎంపిక కమిటీ మొదటి తరగతిగా లెక్కగట్టే గట్టి మ్యాచ్‌లు పది ఆడి, గెలిచింది ఒక్కటే. లెక్క తెలిసినా ఆశ చావక అందరూ వచ్చారు. ఒక్కో పేరూ చదువుతుంటే గదిలో ఉప్మా ప్లేట్ల మీద చెంచాల చప్పుడు కూడా ఆగిపోయింది. మన పేరు రాలేదు. 1985లో టోర్నమెంట్‌ని 64 జట్లకి పెంచినప్పటి నుంచి, మొదటి ర్యాంకుతో సీజన్ మొదలుపెట్టి టోర్నమెంట్‌కే ఎంపికకాని జట్టు ఇదొక్కటే.

ఆ సాయంత్రమే జట్టు, ఎంపికకాని జట్లకి జరిగే రెండో టోర్నమెంట్ ఎన్‌ఐటీలో ఆడబోవడంలేదని ప్రకటించింది. దాని మీద మళ్ళీ వాదన. అలసిపోయిన పిల్లల్ని ఇంక వదిలెయ్యడమే మంచిదని ఎక్కువమంది అన్నారు. నా మటుకు నాకు ఆడి ఉండాల్సింది అనిపించింది. లీకీ బ్లాక్ ఐదేళ్ళు ఈ చొక్కా వేసుకున్నాడు. ఎదుటి జట్టులో అందరికన్నా ప్రమాదకరమైన ఆటగాణ్ణి రాత్రి తర్వాత రాత్రి అతనికే అప్పజెప్పేవారు. అతని ఆఖరి మ్యాచ్ గ్రీన్స్‌బరోలో వర్జీనియా చేతిలో 68-59 ఓటమిగా మిగిలిపోయింది.

మనం ఇలా ఏడుస్తూ కూర్చున్న వారంలోనే చాపెల్ హిల్ అమ్మాయిల జట్టు 6వ సీడ్‌తో టోర్నమెంట్‌లో ఆడుతోంది. సెయింట్ జాన్స్ మీద 61-59తో గెలిచి, మార్చి 20న ఒహాయో స్టేట్ చేతిలో 71-69తో, చివరి క్షణాల్లో ఓడింది. ఆ మ్యాచ్ చూడటానికి మనం ఎక్కడా ఏర్పాటు చేయలేదు. త్రోబాల్ కెప్టెన్ దీని మీద కార్యవర్గానికి ఉత్తరం రాశారు. ఆవిడ రాసిన ప్రతి మాటా నిజం. తప్పు క్రీడా విభాగానిది. వచ్చే సీజన్ నుంచి అబ్బాయిల మ్యాచ్‌లతో సమానంగా అమ్మాయిల మ్యాచ్‌లకీ ఏర్పాట్లుంటాయి.

మిగిలిన కార్యక్రమాలు

వేసవి క్రికెట్ పోటీలు వానతో ఒక వారం ఆగి, మరుసటి వారం పూర్తయ్యాయి. త్రోబాల్ దసరా రోజుల్లో జరిగింది. అక్టోబర్ 24న కేరీ వేంకటేశ్వరస్వామి ఆలయంలో 87 అడుగుల గోపురం ప్రారంభమైన రోజు మన కుర్రాళ్ళు పార్కింగ్ దగ్గర సేవ చేశారు. వాళ్ళకి కృతజ్ఞతలు. జమాఖర్చుల పట్టిక కోశాధికారి విడిగా ఇస్తున్నారు.

పిల్లల శనివారం బాస్కెట్‌బాల్ శిక్షణ ఏడాదంతా ఆగకుండా నడిచింది. ఫిబ్రవరి రెండో వారం నుంచి చిన్నపిల్లలకి ఫ్రీ త్రోలు నేర్పుతున్నది ఆ పదకొండో తరగతి కుర్రాడే. వాళ్ళ నాన్న ఎండ్‌లైన్ దగ్గర నిలబడి బంతులు ఏరి ఇస్తుంటారు. రెండో రింగుకి వల చిరిగిపోయింది, కొత్తది కొన్నాం. వచ్చే శనివారం ఉదయం తొమ్మిదింటికి కట్టాలి. పొడుగు నిచ్చెన ఉన్నవాళ్ళు తీసుకురండి.