ఇంజన్ ఇంటి దగ్గరే దించండి, లోపల మాత్రం విప్పకండి

మా దగ్గర ఇంజన్ పని చేయించుకునే కస్టమర్లందరికీ నమస్కారం.

ఆఫ్‌రోడ్ బండిని ఇంట్లోనే విప్పుకుని ఇంజన్ ఒక్కటే మా వర్క్‌షాపుకు తెచ్చేవారు ఈమధ్య బాగా పెరిగారు. మాకు సంతోషమే. దించే కూలి మీకు మిగులుతుంది, షెడ్డులో చోటు మాకు మిగులుతుంది. అయితే ఇకమీదట ఒక మార్పు ఉంటుంది. విప్పని ఇంజన్ తెస్తే, మీ ఎదురుగానే విప్పి, ఖర్చెంతో, ఎప్పటికి అవుతుందో ఆ రోజే చెప్పేస్తాం. హెడ్డో (ఇంజన్ పై మూత), సంపో (అడుగున ఆయిల్ ఉండే తొట్టి) ఊడదీసి తెస్తే మాత్రం అన్నీ కొలిచేదాకా తేదీ చెప్పం. ఆ కొలతలకు ఛార్జీ కూడా విడిగా తీసుకుంటాం. ఇది కొందరికి కష్టంగా అనిపిస్తుందని తెలుసు. అందుకే కారణం వివరంగా చెబుతున్నాను.

నీళ్లలో దిగి ఆగిపోయిన బండినే తీసుకోండి. గాలి వెళ్లే దారిలో నీరు సిలిండర్‌లోకి చేరితే, గాలి అణిగినట్టు నీరు అణగదు. పైకొచ్చే పిస్టన్‌కు అది అడ్డుపడుతుంది, పిస్టన్‌ను కింది క్రాంక్‌షాఫ్ట్‌కు కలిపే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. ఆ వంపు కంటికి ఆననంత చిన్నది కావచ్చు. బండి మళ్లీ స్టార్టయి కొంతకాలం నడవనూ వచ్చు. అలాంటప్పుడు మాకు దొరికే ఆధారం బోర్ (సిలిండర్ లోపలి గోడ) పైఅంచున ఉండే మసి గీత. వంగిన రాడ్ కాస్త పొట్టిదవుతుంది కాబట్టి పిస్టన్ మునుపటి ఎత్తుకు రాదు. దాంతో పాత గీత కింద కొత్తది పడుతుంది. పక్క సిలిండర్లతో పోల్చి చూస్తే ఆ మసి పట్టీ వెడల్పుగా కనిపిస్తుంది. టార్చి వేసి చూస్తే నిమిషంలో తేలిపోయే విషయం ఇది. ఎమరీ పేపరుతో రుద్ది మెరిపించి తెచ్చిన బోర్‌లో ఆ గీత ఉండదు. ఇక ప్రతి రాడ్డూ బయటికి తీసి కొలవాల్సిందే.

దుమ్ము సంగతీ అంతే. ఎయిర్ ఫిల్టర్ దాటాక వచ్చే పైపులో వేలు పెట్టి తుడిచి చూస్తాం. సన్నటి పొడి అంటితే బోర్ ఎందుకు అరిగిందో అక్కడే అర్థమవుతుంది. ఆ పైపు కడిగేసి తెచ్చినా, అసలు తేకపోయినా, కారణం తెలియకుండానే కొత్త పిస్టన్లు వేయాలి. తర్వాత మళ్లీ అదే దుమ్ము లోపలికి పోతుంది. అంత ఖర్చు పెట్టి చేయించుకున్న పని అలా పాడైపోవడం నేను చూడలేను.

క్రాంక్‌షాఫ్ట్‌ను పట్టి ఉంచే మెయిన్ బేరింగ్ క్యాప్‌లనైతే బ్లాకుకు బిగించాకే రంధ్రం తొలుస్తారు. ఏది ఎన్నోదో, ఏ వైపు తిరిగి ఉండేదో తెలియకుండా సంచీలో కలగలిపి తెస్తే, బ్లాకును లైన్ బోరింగుకు, అంటే ఆ రంధ్రాలన్నీ ఒకే వరుసలో మళ్లీ తొలిచే పనికి, పంపాల్సి రావచ్చు.

ఇక దించే పని. కడగాలనుకుంటే దించకముందే కడగండి. ఇంజన్, గేర్‌బాక్స్ కలిసే చోటి బెల్ హౌసింగ్ చుట్టూ, ఇంజన్ మౌంట్ల మీద బురద రాయిలా గట్టిపడి ఉంటుంది. అది వదిలితేనే పానా సరిగ్గా కూర్చుంటుంది, లేకపోతే బోల్టు తల అరిగిపోతుంది. గాలి, పొగ వెళ్లే మానిఫోల్డులు తీశాక మాత్రం ప్రెషర్ వాటర్ దగ్గరికి రానివ్వకండి. తెరిచి ఉన్న ప్రతి రంధ్రానికీ మూత పెట్టండి. కామన్ రైల్ డీజిల్ అయితే మరీ జాగ్రత్త. 1,500 బార్ పైన పీడనంతో పనిచేసే ఇంజెక్టర్‌ను పాడుచేయడానికి చిన్న ఇసుక రేణువు చాలు.

బ్యాటరీ నెగటివ్ ముందు తీయడం, కూలెంట్, ఆయిల్ దించడం మీకు తెలిసినవే. ఏసీ గ్యాస్ పైపులు విప్పకండి, కంప్రెసర్‌ను మౌంట్ నుంచి ఊడదీసి పక్కకు కట్టేస్తే సరిపోతుంది.

గేర్‌బాక్స్ దగ్గర తొందర వద్దు. దాని కింద జాకీ పెట్టకుండా ఇంజన్ వెనక్కీ ముందుకూ ఊపితే బరువంతా ఇన్‌పుట్ షాఫ్ట్ మీద పడి క్లచ్ ప్లేట్ వంగుతుంది. ఆటోమేటిక్ అయితే టార్క్ కన్వర్టర్ బోల్టులు ముందే తీసి, కన్వర్టర్‌ను గేర్‌బాక్స్‌లోనే ఉండనివ్వాలి. అది ఇంజన్‌తో పాటు బయటికొస్తే గేర్‌బాక్స్ పంపు దెబ్బతినొచ్చు. అన్నీ విప్పామనుకున్నాక కూడా కదలట్లేదంటే గడ్డపారతో పొడవకండి. పైన చెయ్యి అందని చోట ఒక బోల్టో, వెనకాల ఒక ఎర్త్ వైరో తప్పకుండా మిగిలి ఉంటుంది.

నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజన్లలో చాలావాటి బరువు 200 కిలోలు దాటుతుంది. ఇంజన్ ఎత్తే హాయిస్ట్ మీద 2 టన్నులు అని రాసి ఉన్నా, దాని చెయ్యి పూర్తిగా చాపితే అది మోసేది సాధారణంగా అర టన్నే. సస్పెన్షన్ ఎత్తు పెంచిన బండికి హాయిస్ట్ ఎత్తు చాలదు, ఇంజన్ గాల్లో ఉండగా ఆ విషయం తెలిస్తే చాలా టెన్షన్. ముందు చక్రాలు తీసి చాసిస్‌ను తక్కువ ఎత్తు స్టాండ్ల మీద నిలపండి. వేలాడే ఇంజన్ కింద చెయ్యి కూడా పెట్టొద్దు. హాయిస్ట్, మంచి స్టాండ్లు, సాయానికి ఇంకొక మనిషి లేకపోతే ఈ పని మాకే వదిలేయండి. ఇందులో మొహమాటం అక్కర్లేదు.

తెచ్చేటప్పుడు ఇంజన్‌తో పాటు ఎయిర్ ఫిల్టర్, దాని పైపులు కడగకుండా తీసుకురండి. దించిన ఆయిల్ ఒక సీసాలో పట్టి తెస్తే, అది తెల్లగా చిక్కబడి ఉందో లేదో చూసి నీరు కలిసిందేమో చెప్పగలం. ఇప్పటికే విప్పేసినవారు ఉంటే, విప్పింది విప్పినట్టు డబ్బాల్లో పెట్టి తెచ్చేయండి, ఇంకేమీ తుడవకండి. బ్లాక్ బాగుచేయడానికి పనికిరాదనిపిస్తే ఆ మాట మొదటే చెబుతాం, ఆపై పని మొదలుపెట్టం.

ఇంజన్‌ను వంచి బయటికి లాగడానికి వాడే లోడ్ లెవెలర్ మా దగ్గర అదనంగా ఒకటి ఉంది. దించే ముందు ఫోన్ చేసి అడిగితే ఇస్తాం, అద్దె ఏమీ లేదు. ఇంజన్ తెచ్చేటప్పుడు దాన్నీ తెచ్చివ్వండి.