తొలి కాన్పు సొమ్ము కాన్పుకు ముందే చేతికందాలి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య, ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నాకిప్పుడు ఏడో నెల. తొలి కాన్పు. జిల్లా కేంద్రానికి దూరంగా ఉన్న ఓ చిన్న పట్టణంలో బట్టల షాపులో పనిచేస్తున్నాను. మా ఆయన ఇళ్లకు వైరింగ్ పనులు చేస్తారు. అద్దె, సరుకులు, బండి కిస్తీ పోగా మాకు మిగిలేది అంతంత మాత్రం. పుట్టబోయే బిడ్డ కోసం ఏది కొనాలి, ఏది మానుకోవాలి అని ఇద్దరం కూర్చుని లెక్కలు వేసుకున్నాం. ఆ లెక్కల్లో బయటపడిన కొన్ని సంగతులు మీరు సరిచేయగలిగినవి. అందుకే రాస్తున్నాను.

రాష్ట్రంలో జననాలు తగ్గిపోతున్నాయని, పిల్లల్ని ఎక్కువ మందిని కనాలని ముఖ్యమంత్రి గారు సభల్లో చెబుతున్నారు. ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారన్న నిబంధనను 2024 నవంబర్‌లో అసెంబ్లీ ఎత్తేసింది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలోనే మన సంతాన సాఫల్య రేటు, అంటే ఒక్కో మహిళకు సగటున పుట్టే పిల్లల సంఖ్య, 1.7 అని తేలింది కాబట్టి ఆ ఆందోళనలో అర్థముంది. కానీ మాలాంటి ఇళ్లలో రెండో బిడ్డ మాట ఎత్తాలంటే ముందు మొదటి కాన్పుకు చేసిన అప్పు తీరాలి కదండీ.

నిజానికి పసిబిడ్డకు కావలసినవి ఖరీదైనవి కావు. మెత్తబడిన పాత నూలు చీరలు చింపి పొత్తిగుడ్డలు చేస్తాం. ఉయ్యాల మా పెద్దమ్మ కూతురి దగ్గర ఉంది. చొక్కాలు, టోపీలు, దోమతెర వాళ్ల పిల్లాడు వాడినవే వస్తాయి. ఆరు నెలలు తల్లిపాలే తిండీ నీళ్లూ. ఫోన్లో ప్రకటనలు చూస్తే స్టెరిలైజర్, బేబీ సీటు, మెత్తటి తడి రుమాళ్లు, ఇవన్నీ లేకపోతే బిడ్డ బతకదేమో అన్నంత టెన్షన్ పెడతారు. అవేవీ మా లెక్కలో లేవు. టీకాలకూ రూపాయి పెట్టం. పుట్టగానే వేసే బీసీజీ, పోలియో చుక్కలు, హెపటైటిస్-బి మొదలుకుని 6, 10, 14 వారాల్లో వేసే పెంటావాలెంట్, రోటా, ఆపై నిమోనియా టీకా దాకా ప్రభుత్వం ఉచితంగా వేస్తోంది. బయట వేలల్లో అయ్యేవి ఇవే. ఉచితంగా వేసేది తక్కువ రకం మందని ఇప్పటికీ నమ్మేవాళ్లు మా వీధిలో ఉన్నారు. కాదని మీ శాఖ గట్టిగా, పదేపదే చెప్పాలి.

ఇంకో మాట. బిడ్డ పుట్టకముందే బట్టలూ సామానూ కొనకూడదని మన ఇళ్లలో పట్టింపు. దాంతో కొనాల్సిన కాసినీ పురుడు వచ్చిన వారంలోనే ఒక్కసారి మీద పడతాయి. ఆసుపత్రిలోనే బేబీ కిట్ చేతికిచ్చే పద్ధతి అందుకే మాకు బాగా నప్పుతుంది. అది ఏ ప్రభుత్వం ఉన్నా, ఏ పేరు పెట్టినా ఆగకుండా ఇవ్వండి.

మరి డబ్బంతా ఎక్కడికి పోతోంది? బిడ్డ పుట్టాక కాదు, పుట్టకముందే పోతోంది. స్కాన్లకు, రక్తపరీక్షలకు, ఆటో చార్జీలకు, సెలవు పెట్టి పోగొట్టుకున్న జీతానికి. అన్నిటికీ మించి, ఆపరేషన్ అంటే ఎలా అన్న భయానికి దాచి ఉంచే సొమ్ము. పైన చెప్పిన సర్వే ప్రకారమే మన రాష్ట్రంలో నూటికి 42 కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే నూటికి 63. నార్మల్ అయితే ఇంత, ఆపరేషన్ అయితే ఇంత అని రెండు అంకెలు చెబుతారు. పేదింట్లో ఎప్పుడూ పెద్ద అంకెకే సిద్ధపడతారు, ఎందుకంటే ఆ రోజు అర్ధరాత్రి అప్పు పుట్టదు.

మేం ప్రభుత్వ ఆసుపత్రిలోనే కాన్పు అనుకున్నాం. జననీ శిశు సురక్ష కార్యక్రమం 2011 నుంచి ఉంది. దాని ప్రకారం అక్కడ పరీక్షలు, స్కాన్, మందులు, కాన్పు, అవసరమైతే ఆపరేషన్, రక్తం, భోజనం, రానూపోనూ బండి, అన్నీ ఉచితం. ఇంతకంటే అడగాల్సింది లేదు. జరిగేది మాత్రం వేరు. బిడ్డ అవయవాలు సరిగా ఉన్నాయో లేదో చూసే టిఫా స్కాన్ 18 నుంచి 22 వారాల మధ్య తీయించాలి. మేం వెళ్లిన ఆసుపత్రిలో మెషీన్ ఉంది. చూసే డాక్టరు వారంలో కొద్ది రోజులే వస్తారు. మాకిచ్చిన తేదీ చూస్తే 22 వారాలు దాటిపోతాయి. అదే చెబితే, "బయట తీయించుకుని రా అమ్మా" అన్నారు. ఆ నర్సమ్మ తప్పేం లేదు, ఆమె ముందు ఎంత పెద్ద లైనుందో నేను చూశాను. బయట స్కాన్‌కు పెట్టిన డబ్బు మా నెల సరుకుల డబ్బు. ఉచితం అన్న మాట నిలబడాలంటే మెషీన్ ఒక్కటే చాలదు, గడువు లోపల తేదీ దొరకాలి.

ఇక ప్రధానమంత్రి మాతృ వందన యోజన. తొలి కాన్పుకు 5,000 రూపాయలు, రెండు విడతల్లో. గర్భం నమోదై, ఆరు నెలల లోపు కనీసం ఒక పరీక్ష జరిగితే 3,000. బిడ్డ పుట్టుక నమోదై, 14 వారాల టీకాలు పూర్తయ్యాక 2,000. అంటే రెండో విడత వచ్చేసరికి బిడ్డ బోర్లా పడుతుంటుంది. పోనీ మొదటిదైనా వేళకు వస్తుందా? నాకింకా రాలేదు. ఆధార్‌లో నా పుట్టింటి ఇంటిపేరు, బ్యాంకు పుస్తకంలో మెట్టినింటి ఇంటిపేరు. పెళ్లైన కొత్తలో సగం మంది ఆడపిల్లల కాగితాలు ఇలాగే ఉంటాయి. తొలి గర్భం కోసమే పెట్టిన పథకానికి కొత్త పెళ్లికూతుళ్ల కాగితాలు ఎలా ఉంటాయో ముందే తెలియాలి కదా. పెళ్లి సర్టిఫికెట్ చూసి మా వార్డు సచివాలయంలోనే సరిచేసే వీలుంటే, ఆధార్ సెంటర్‌కీ బ్యాంకుకీ మధ్య ఏ గర్భిణీ తిరగనక్కర్లేదు.

ఇచ్చే సొమ్ము ఎంతన్న సంగతీ చెప్పాలి. 2013 ఆహార భద్రత చట్టం నాలుగో సెక్షన్లో గర్భిణులకూ బాలింతలకూ 6,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని ఉంది. అప్పటి 6,000 విలువ ఎంత, ఇప్పటి విలువ ఎంత? పక్కనున్న తమిళనాడు ముత్తులక్ష్మి రెడ్డి పథకం కింద నగదు, పోషకాహార కిట్లు కలిపి 18,000 రూపాయల విలువైన సాయం ప్రకటించింది. తెలంగాణలో 2017లో మొదలుపెట్టిన కిట్ పథకంలో మగబిడ్డకు 12,000, ఆడబిడ్డకు 13,000 విడతలుగా ఇస్తామన్నారు. కేంద్రం ఇచ్చేదానికి మన రాష్ట్రం కూడా తన వాటాగా కొంత కలపాలని అడుగుతున్నాను. అంత వెసులుబాటు ఇప్పుడు లేదంటే, కనీసం ఉన్న 3,000నైనా ఐదో నెల దాటకుండా రాష్ట్రమే ముందు ఇచ్చి, కేంద్రం సొమ్ము వచ్చాక సర్దుకోవచ్చు. వడ్డీకి తెచ్చుకునే మాకూ, ఖజానాకూ ఆ రెండు మూడు నెలల ఆలస్యం ఒకటి కాదు.

అసలు నేను ఈ లేఖ రాయడానికి కారణం పుట్టిల్లు. మన తెలుగు ఇళ్లలో తొలి కాన్పు పుట్టింటివాళ్లది. ఏడో నెలలోనో తొమ్మిదో నెలలోనో సీమంతం చేసి ఆడపిల్లను తీసుకెళ్తారు. పురుడు, పథ్యం, బారసాల, మళ్లీ సారెతో పంపడం, ఖర్చంతా వాళ్లదే. మా అమ్మావాళ్లది పల్నాడులో ఓ పల్లె. నాన్న కౌలు రైతు. అమ్మ ఇప్పటికే డ్వాక్రా సంఘంలో అప్పు కోసం చెప్పి ఉంచింది. వద్దంటే వినదు, ఊళ్లో మాట పడుతుందని ఆమె భయం. ఈ ఆచారం మంచిదా చెడ్డదా అన్న చర్చ ఇక్కడ పెట్టను. అమ్మ దగ్గర ఉంటే నాకు ధైర్యం, అంతే. కానీ ఇన్ని లక్షల మంది ఆడపిల్లలు ఏటా ఇలా కదులుతారని తెలిసీ, మీ శాఖ లెక్కల్లో గర్భిణి మాత్రం ఒకే అడ్రసులో కూర్చుని ఉంటుంది.

నా తల్లీబిడ్డ కార్డు మెట్టినింటి దగ్గర సచివాలయంలోని ఆరోగ్య కార్యకర్త, ఏఎన్ఎం, రాసింది. ఆశా వర్కరు కూడా ఇక్కడివారే. నాకు రక్తం తక్కువని, ఐరన్ మాత్ర పడితే వాంతవుతుందని, రాత్రి అన్నం తిన్నాక వేసుకోమని చెప్పింది వీళ్లే. మన రాష్ట్రంలో గర్భిణుల్లో సగం మందికి పైగా రక్తహీనత ఉందని సర్వే చెబుతోంది కాబట్టి నాది వింత కేసేమీ కాదు. పుట్టింటికి వెళ్లగానే అక్కడి ఏఎన్ఎంకు నేను కొత్త మనిషిని. నా గురించి ఆమెకు తెలిసేది నేను తీసుకెళ్లిన కార్డును బట్టే. అంగన్‌వాడీలో ఇచ్చే గుడ్లు, పాలు, సరుకుల సంగతీ అంతే. యాప్‌లో ముఖం చూపిస్తేనే సరుకులు ఇచ్చే పద్ధతి వచ్చింది. నా ముఖం ఇక్కడి సెంటర్లో నమోదైంది. బదిలీ చేయించుకోవచ్చని టీచరమ్మ చెప్పారు. ఆ బదిలీ అయ్యే లోపు తినాల్సిన నెలలు అయిపోతాయని, కిందటేడు పుట్టింటికి వెళ్లి వచ్చిన మా పక్కింటి అమ్మాయి అంటోంది. బలమైన తిండి ఎక్కువ కావలసినది ఈ చివరి మూడు నెలల్లోనే.

మీరు చేయవలసింది పెద్ద పని కాదు. ప్రతి గర్భిణికీ ఆరోగ్య శాఖ పోర్టల్లో ఒక నంబరు ఉంది. ఆరో నెల పరీక్షప్పుడే "కాన్పు ఎక్కడ?" అని ఏఎన్ఎం అడిగి రాసుకుంటే, ఆ ఊరి ఏఎన్ఎంకు, ఆశా వర్కరుకు, అంగన్‌వాడీకి, కాన్పు జరగబోయే ఆసుపత్రికి అదే రోజు కబురు వెళ్లాలి. గర్భిణి వెళ్లి అడుక్కోవాల్సిన పని ఉండకూడదు. స్త్రీ, శిశు సంక్షేమ శాఖ వేరే మంత్రి గారిదని తెలుసు. మీరిద్దరూ ఒక్కసారి మాట్లాడుకుంటే తెగిపోయే సంగతి ఇది.

పని సంగతి కార్మిక శాఖది, అయినా ఇక్కడే చెప్పేస్తాను, ఎందుకంటే మా లెక్కలో అన్నిటికంటే పెద్ద గుంట అదే. ప్రసూతి ప్రయోజనాల చట్టం 1961లోనే వచ్చింది. 2017లో సెలవును 26 వారాలకు పెంచారు. పది మంది, అంతకు మించి పనిచేసే షాపులకు అది వర్తిస్తుంది. నెల జీతం 21,000 లోపు ఉన్నవాళ్లకు ఈఎస్ఐ (ఉద్యోగుల బీమా) ఉంటే ఆ సెలవు జీతం ఈఎస్ఐ నుంచే వస్తుంది. మా షాపులో పది మందికి మించి ఉన్నాం, రిజిస్టరులో మాత్రం అంతమంది లేం. ఎనిమిదో నెల నుంచి రానక్కర్లేదని నాకు చెప్పేశారు, జీతం మాట ఎత్తలేదు. పైగా పొద్దున్నుంచి రాత్రి దాకా నిలబడే ఉండాలి. షాపుల్లో పనిచేసేవాళ్లకు కూర్చునే హక్కును కేరళ 2018లో, తమిళనాడు 2021లో చట్టంలో పెట్టాయి. మన దగ్గరా అది రావాలి. గర్భిణి నమోదయిన రోజునే, ఆమె ఎక్కడ పనిచేస్తోందో ఏఎన్ఎం అడిగి కార్మిక శాఖకు పంపితే, రిజిస్టర్లలో లేని మనుషులు చాలామంది బయటికి వస్తారు.

వీటిలో కొన్నిటికి సమయం పడుతుందని నాకు తెలుసు. ఒకటి మాత్రం ఒక్క ఉత్తర్వుతో అయిపోతుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో గడువు లోపల స్కాన్ గానీ పరీక్ష గానీ చేయలేకపోతే, "మా దగ్గర కుదరలేదు" అని ఆ డాక్టరు కార్డు మీద రాసి సంతకం పెట్టాలి. ఆ కార్డు చూపిస్తే బయటి బిల్లును ఆసుపత్రి అభివృద్ధి నిధి నుంచి వారంలోపు చెల్లించాలి. అలా రాసిన కార్డులు ఏ ఆసుపత్రిలో ఎన్ని వచ్చాయో నెలనెలా మీరు లెక్క చూడండి. డాక్టర్లను ఎక్కడికి పంపాలో ఆ లెక్కే చెబుతుంది.

ఇట్లు,
పుట్టింటికి బయల్దేరబోతున్న ఒక గర్భిణి