పాత కంప్యూటర్లను అప్పుడే తుక్కుకు వేయకండి

సంపాదకుల వారికి నమస్కారం.

దేవరకొండ దగ్గర ఓ సర్కారు బడిలో లెక్కలు చెబుతాను. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ ఆగిపోయిందని మా ల్యాబ్‌లోని ఆరు డబ్బాలను తుక్కు కింద రాసేద్దామన్నారు. మనసొప్పక అన్నిట్లో విండోస్ బదులు లైనక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్‌ను పెన్‌డ్రైవ్‌తో వేశాను. ఐదు లేచాయి. ఆరోది మొండికేసింది: పెన్‌డ్రైవ్ ఉంటే లేస్తుంది, తీస్తే నల్ల తెరే.

రిపేరు షాపతను హార్డ్ డిస్క్ పోయిందన్నాడు. కొత్తదానికి రెండు వేలు! డిస్క్‌కు ఏమీ కాలేదు. బయోస్ (ఆన్ చేయగానే ముందు నడిచే ప్రోగ్రాం) ఉన్న పాత మెషీన్ ముందుగా డిస్క్‌లోని మొదటి 512 బైట్లే చదువుతుంది. అక్కడ ఉండాల్సిన బూట్ లోడర్‌ను, అంటే లైనక్స్‌ను లేపే చిన్న ప్రోగ్రాంను, నా తొందరలో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాను. తప్పు నాదే.

పెన్‌డ్రైవ్‌తోనే లేపి, టెర్మినల్‌లో (ఆదేశాలు టైపు చేసే కిటికీ) డిస్క్‌ల జాబితా చూపే 'ఎల్ఎస్‌బీఎల్‌కే' (lsblk) కొట్టి సైజు చూసి అసలు డిస్క్ ఏదో పట్టుకున్నాను. నా దాంట్లో అది ఎస్‌డీఏ. తర్వాత 'సుడో గ్రబ్-ఇన్‌స్టాల్ /డెవ్/ఎస్‌డీఏ' (sudo grub-install /dev/sda) కొట్టి బూట్ లోడర్‌ను ఆ డిస్క్‌లోకి ఎక్కించాను. చివర అంకె పెట్టొద్దు, పెడితే అది మొత్తం డిస్క్ కాక దానిలోని ఒక భాగం (పార్టిషన్) అవుతుంది. రెండు నిమిషాల పని.

టీచర్ల కంప్యూటర్ శిక్షణలో పవర్‌పాయింట్‌తో పాటు ఒక పూట ఇదీ నేర్పాలని అధికారులను కోరుతున్నాను. ఆరో డబ్బా మీద ఇప్పుడు తొమ్మిదో తరగతి పిల్లలు తెలుగు టైపింగ్ చేస్తున్నారు.

– ఒక లెక్కల టీచరు, నల్లగొండ జిల్లా