ఫైబర్ పడవకూ చెమ్మ పడుతుంది

సంపాదకులకు నమస్కారం.

ఫైబర్ పడవ నీరు పీల్చదని తీరంలో చాలామంది నమ్మకం. నిజానికి గాజు నారను పట్టి ఉంచే పాలిస్టర్ రెసిన్ నీటిని మెల్లగా పీలుస్తూనే ఉంటుంది. పైనుండే నున్నటి పూత, అంటే జెల్‌కోట్ దాటిన నీరు లోపల సరిగా గట్టిపడని రెసిన్ అవశేషాలను, మ్యాట్‌లో (గాజు నారల పరుపులో) నారలను అంటించే బంకను కరిగిస్తుంది. ఆ చిక్కటి ద్రావణం ఇంకా నీటిని లాక్కుని అడుగుభాగాన బొబ్బలు లేపుతుంది. పొడిస్తే వెనిగర్ లాంటి వాసన. దానిమీదే పుట్టీ పెట్టి రంగేయడం చెమ్మను లోపల బంధించడమే, అయినా ఎక్కువగా జరిగేది అదే. బొబ్బలను గ్రైండ్ చేసి, మంచినీటితో పలుమార్లు కడిగి, కప్పు కింద వారాల తరబడి ఆరబెట్టాలి. ఆరిందో లేదో చూడటానికి అక్కడ పాలిథిన్ ముక్కను నాలుగంచులా టేపుతో అంటించి 24 గంటలు ఉంచండి. లోపలివైపు చెమ్మ కనిపిస్తే ఇంకా ఆరలేదన్నమాట. పూర్తిగా ఆరాకే నీటిని అడ్డుకునే ఎపాక్సీ రెసిన్ పూత వేయాలి. కొత్త పడవకైతే బయటి పొరలకు నీటిని బాగా తట్టుకునే వినైల్ ఎస్టర్ రెసిన్, పౌడర్ బైండర్ మ్యాట్ (పొడి బంకతో అంటించిన మ్యాట్) అడగండి. ఖర్చు కాస్త ఎక్కువే.

– పడవల మరమ్మతు పనివారు, కాకినాడ